గడ్డ దగ్గరి రక్తం

అన్నయ్యకు గుండెపోటు వచ్చింది సఖినేటిపల్లి రేవులో, నరసాపురం వెళ్లే పంటు పడవ ఎక్కబోతుండగా. ఊరి గుడిలో అర్చకుడు. ఆ రోజు అవతలి ఒడ్డున ఒక ఇంట్లో గృహప్రవేశం చేయించాల్సి ఉంది. దర్భల సంచీ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడట. ఒక ఆటో అతను రాజోలు చేర్చాడు, అక్కడి నుంచి అంబులెన్సులో అమలాపురం. నేను బడి నుంచి ఆసుపత్రికి వెళ్లేసరికి మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంటు వేసేశారు.

మర్నాడు పొద్దున డాక్టరు గారు ఒక కాగితం పట్టుకుని వచ్చారు.

"పంతులు గారూ, నిన్న మీ గుండె నాళంలోంచి రక్తపు గడ్డను పీల్చి తీసేమండి. దాంతో అక్కడి రక్తం కూడా కాస్త వచ్చింది. మామూలుగా అయితే పారేస్తాం. మీరు సరేనంటే పరిశోధనకి ఉంచుకుంటాం. తొడ దగ్గర తీసిన రక్తంతో పోల్చి, ప్రొటీన్లలో తేడా చూస్తామండి."

అన్నయ్య ఇంకా మగతగా ఉన్నాడు. నేనే కలగజేసుకున్నాను. ఇరవై ఏళ్లుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి.

"ఒంట్లో తిరిగే రక్తం ఒకటే కదండీ. ఎక్కడ తీస్తే ఏమిటి?"

"గడ్డ కట్టిన చోట వేరేగా ఉంటుందండి. నాళం గోడ చిట్లిన చోట వాపు తెచ్చే ప్రొటీన్లూ, గడ్డ కట్టించేవీ పోగుపడతాయి. అవే తొడ దాకానో చేతి దాకానో వచ్చేసరికి పలచబడిపోతాయి. అక్కడి రక్తం చూస్తే గుండెలో ఏం జరిగిందో పూర్తిగా తెలీదు."

సబబుగానే ఉంది. అంత సబబుగా ఉండడమే నాకు నచ్చలేదు. ముందు తీసేసి తర్వాత అడగడమేమిటి? కాగితం తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి ఇచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూశాను. మందుల కంపెనీ ప్రస్తావన ఉందేమోనని వెతికాను. లేదు. దాచారేమో అనుకున్నాను.

"వద్దండి," అన్నాను. కాదంటే వైద్యంలో తేడా చూపిస్తారేమో చూద్దామని కూడా అలా అన్నాను.

"ఆయ్, అలాగేనండి. తేరుకున్నాక ఆయన్నే ఓసారి అడుగుతాను," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ రోజంతా కాపలా కాశాను. నర్సు ఎన్నింటికి వచ్చింది, ఏ మాత్ర ఇచ్చింది, పక్క మంచం ఆయనకి ఏమిచ్చింది, అన్నీ రాసుకున్నాను. ఏ తేడా కనబడలేదు.

మూడో రోజు డాక్టరు గారు అన్నయ్యను అడిగారు.

"ఆ గడ్డలో కొంత ఒక్క రోజుది కాదనిపించిందండి, గట్టిపడి ఉంది. ఈ మధ్య ఎప్పుడైనా నొప్పొచ్చిందా?"

"లేదండి," అన్నాడు అన్నయ్య.

బత్తాయి వలుస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. అది నేను చూశాను. డాక్టరు గారు వెళ్లాక ఆవిణ్ణి వరండాలోకి పిలిచాను.

"నిజం చెప్పు వదినా."

"పది రోజుల్నించీ వస్తూనే ఉందయ్యా. గుడి మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది. వాము నమిలి ఊరుకునేవారు. స్వామివారి కల్యాణం అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. తెలిస్తే ఇంకొకరి చేత చేయిస్తారని భయం."

రెండు రోజులుగా నా అనుమానమంతా పరాయి మనిషి మీద ఖర్చు చేశాను. లోపలికి వెళ్లాను.

"నా దగ్గర కూడా దాచేవా?"

అన్నయ్య కళ్లు తెరవలేదు. "నీతో చెబితే నన్ను పూజ చేయనిస్తావా?"

సాయంత్రం డాక్టరు గారు వచ్చినప్పుడు తనే చెప్పాడు. "పొద్దున అబద్ధం చెప్పేనండి. పది రోజులుగా ఉంది." ఆయన కోప్పడలేదు, రాసుకున్నారు. "ఆ కాగితం ఇలా ఇవ్వండి. నేను దాచింది ఆ రక్తంలో ఏమైనా ఉంటే చూసుకోండి," అన్నాడు అన్నయ్య. సంతకం వంకరగా వచ్చింది. సాక్షిగా నేనూ చేశాను, తెలుగు కాగితం మరోసారి చదివాకే.

ఏం తేలిందో ఇంకా తెలియదు. చాలామంది రక్తం పోగైతే గానీ చెప్పలేమన్నారు. కల్యాణం మరో అర్చకుడు చేశాడు. అన్నయ్య కుర్చీలో కూర్చుని చూశాడు. మంత్రం ఎక్కడైనా తప్పుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టుంది ముఖం.

ఇప్పుడు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటాడు. నేను నమ్మను. వదినకి ఇవ్వమంటాను. ఆవిడ చెప్పింది కూడా సగమే నమ్మి, ఆదివారం బస్సెక్కి వెళ్లి చూసొస్తాను.