కీబోర్డుకు చందనం బొట్లు

రెడ్డియార్‌పాళయంలో మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. ఆఫీసులో ఉద్యోగమని ముందు గొప్పగా చెబుతుంది. తరవాత మంచం కింద నేను దాచుకున్న పాత కంప్యూటర్ కీబోర్డులు చూపించి, "ఈ కుప్పైనంతా యాణ్ణించి మోసుకొస్తాడో!" అని నిట్టూరుస్తుంది. నేను బాగుచేసేవాటిని కుప్పై, చెత్త అనకుండా, ఒక్కసారైనా ఆమె నోట పని అనిపించుకోవాలని నాకు చాలా ఆశ.

ఈసారిది సేదరపేట్‌లో పాత ఇనుప కొట్టులో దొరికింది. అడుగున అంటించిన చీటీ చిరిగిపోయింది. ఏ రకమో తెలియక, అక్కడే ఒక మీట ఊడబెరికి లోపలికి తొంగిచూశాను. సన్నటి స్ప్రింగు. నొక్కితే వంగి టక్కుమంది, ఇప్పుడు దొరకని పాత రకం. నా సంబరం చూసి కొట్టువాడు జాలిపడ్డాడు. ఇంటికి తెచ్చి మీటలన్నీ సబ్బునీళ్ళలో నానబెట్టి, లోపలి దుమ్ము దులిపి, తుప్పుపట్టిన స్ప్రింగులు మార్చాను. నెలల తరబడి కూర్చుంటే చివరికి ల్యాప్‌టాప్ తెర మీద అన్ని అక్షరాలూ పడ్డాయి.

ఆయుధపూజ నాడు స్నానం చేసి వచ్చేసరికి అది బల్ల మీద లేదు. దేవుడి ముందు, తాత కొడవలికీ నాన్న స్పానర్లకూ మధ్య కొలువుతీరి ఉంది. మీట మీటకూ చందనం బొట్టు, దాని మీద కుంకుమ. అమ్మ చందనాన్ని పన్నీరుతో పల్చగా కలిపినట్టుంది, చక్కగా సందుల్లోకి జారుతోంది. ప్రాణం విలవిల్లాడి, గుడ్డ పట్టుకుని ముందుకురికాను.

"ఏందిరా? పూజలో పెట్టినదాన్ని రేపటిదాకా తాకకూడదని తెలవదా?" అంది అమ్మ. ప్రసాదానికొచ్చిన పక్కింటావిడ చేతిలో మరమరాలు పోస్తూ, "ఇట్లాంటివి బాగుచేసేదే మావోడి పని వదినా. ఎంత కష్టపడతాడో!" అంది.

గుడ్డ జేబులో పెట్టుకున్నాను. ఆ రోజంతా చందనం ఎండుతుంటే చూస్తూ కూర్చున్నాను. కడుపు మండింది, సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టాలో తెలియలేదు.

మర్నాడు నొక్కితే సగం మీటలు కదల్లేదు.

"ఎట్లుందిరా?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"బాగుందమ్మా."

ఆ మాటకు మురిసిపోతూ వచ్చి, మంచం కిందికి వంగి మిగతా కీబోర్డుల వైపు చూసింది. "పాపం, వీటికి పెట్టలేదు కదరా. వచ్చే ఏడు అన్నిటికీ పెడతాలే."

నేను వద్దనలేదు.