పలకల గుంతకు మోసిన మట్టి

పోయిన సోమవారం మిట్టమధ్యాహ్నం అన్నం తిని, వక్కపొడి నోట్లో వేసుకుని పేపరు తిరగేస్తుంటే, మా చిన్నాయన మనవడు ఒక కాగితం పట్టుకుని మార్కాపురంలోని మా ఇంటికి వచ్చినాడు. నాకు మేనల్లుడి వరస. ఊరి నుంచి ఎవరు వచ్చినా నా దగ్గరికి వచ్చేది అర్జీ రాయించుకోవడానికే. బడిపంతులమ్మగా ఉద్యోగం చేసి దిగిపోయినాక నాకు మిగిలిన దురలవాటు ఒక్కటే, సర్కారు డబ్బు ఎక్కడ దుబారా అవుతున్నదో చూసి పత్రికలకు ఉత్తరాలు రాయడం. ఊరి మొదట్లో అంత స్వాగత ద్వారం ఎందుకయ్యా, అది లేకుంటే వచ్చేవాడు దారి తెలియక వెనక్కి పోతాడా అని రాసినాను. కుళాయిలో నీళ్లు రాని వీధికి రంగురంగుల దీపాలు ఎందుకని రాసినాను. అప్పు తెచ్చి పంచిపెట్టి, అదేదో తమ ఇంటి నుంచి తెచ్చి ఇచ్చినట్టు ఫోటోలు దిగే నాయకులను, ఏ జెండా వాళ్లనైనా సరే, వదలలేదు. మీలాంటి నా ఈడు వాళ్లు చదివి శభాష్ అంటారు, కుర్రవాళ్లు ఈ ముసలమ్మకు పనీపాటా లేదంటారు. అనుకోనీ, నాకేం.

మేనల్లుడు తెచ్చిన కాగితం కలెక్టరుకు అర్జీ. మా ఊరి బయట, మా పొలం చివర ఒకప్పుడు పలకరాయి తీసి వదిలేసిన గుంత ఒకటి ఉండేది. ఎప్పుడో పూడ్చేసినాము. ఇప్పుడు సర్కారు వాళ్లు దాన్ని మళ్లీ తవ్వి నీటి కుంట చేస్తారట, సిమెంటు మెట్లు కడతారట, చుట్టూ నడకబాట కూడా వేస్తారట. పొద్దున లేస్తే పొలానికి నడిచిపోయే మనుషులకు నడకబాట ఏందో, ఆ దేవుడికే తెలియాలి. ఇది శుద్ధ దుబారా, ఆపించండి అని అర్జీ సారాంశం. పెన్ను మూత తీసి, అలవాటు కొద్దీ ముందుగా రెండు మూడు అక్షరదోషాలు దిద్దినాను. సంతకం దగ్గరికి రాగానే వాడు మాటవరసకు ఒక మాట అన్నాడు.

“మా తాత పోయేముందు ఒకటే చెప్పినాడంట అత్తా, ఆ గుంత జోలికి మాత్రం ఎవర్నీ రానీయొద్దని. ఎందుకో మా నాయనకు గూడా తెలీదు.”

నా చేయి కాగితం మీదనే ఆగిపోయింది. కాగితం పెట్టి పో నాయనా, చదివి సంతకం చేస్తాలే అని పంపించేసినాను. ఆ తాతకు తెలుసు. మా నాయనకు తెలుసు. మా అవ్వకు అందరికంటే ముందు తెలుసు. మా ఇంట్లో ఇప్పుడు బతికి ఉన్నవాళ్లలో తెలిసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

మా ఊరు మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో కొంచెం లోపలికి. మా తాలూకా కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన తొలిరోజులవి. మా నాయన గ్రామ మునసబు. పోలీసు స్టేషను చాలా దూరం, బస్సు వస్తే వచ్చినట్టు లేకుంటే లేదు, అయినా మాకు వాటి అవసరం పడిందే లేదు. దారి చెడిపోతే ఇంటికొక మనిషి వచ్చి బాగు చేసుకునేవాళ్లం. బడి కప్పు కారితే బోదగడ్డి తెచ్చి కప్పుకునేవాళ్లం. ఒకరి దగ్గర చేయి చాచిన ఊరికి వెన్నెముక ఉండదని నాయన అనేవాడు, నేను ఉద్యోగమంతా పిల్లలకు అదే చెప్పినాను, ఇప్పటికీ ఆ మాట తప్పని నేననను. నాకు పందొమ్మిదేళ్లు అప్పుడు. పదకొండో తరగతి పాసై, పంతులమ్మ ట్రైనింగుకు పిలుపు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ, నాయన కాగితాలన్నీ నేనే రాసేదాన్ని. నా దస్తూరి ముత్యాల్లాగా ఉంటుందని ఆయనకు మురిపెం. ఊళ్లో పుట్టినవాళ్ల పేర్లు, చచ్చినవాళ్ల పేర్లు ఎక్కించే రిజిష్టరు కూడా నా చేతిరాతే.

ఊళ్లో ఏదైనా వస్తువు పోతే ముద్ద వేసేవాళ్లం. మీలో కొందరైనా చూసి ఉంటారు. తలారి చాటింపు వేస్తాడు. మరునాడు ఇంటికొకరు తమ పొలం మట్టితో వెలగకాయంత ముద్ద చేసి తెస్తారు. మా ఇంట్లో కిటికీ లేని ధాన్యపు కొట్టులో, గంగాళం నిండా నీళ్లు పోసి పెడతారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, తలుపు దగ్గరికి వేసుకుని, ముద్దను గంగాళంలో వదిలి బయటికి రావాలి. అందరూ అయినాక గంగాళం వాకిట్లోకి తెచ్చి నాయన నీళ్లలో చేతులు పెట్టి కలిపితే, మట్టి అంతా కరిగి, పోయిన వస్తువు చేతికి తగిలేది. ఎవరి ముద్దలో వచ్చిందో ఎవరూ అడగరు. అడగకూడదు, అది కట్టు. తీసినవాడు మరునాడు మామూలుగా అందరి మధ్యలో కూర్చుని బీడీ కాల్చుకుంటాడు. కేసు లేదు, కోర్టు లేదు, సర్కారుకు పైసా ఖర్చు లేదు. ఇప్పుడు మా వీధిలో ప్రతి స్తంభానికీ ఒక కెమెరా బిగించినారు, అయినా పోయిన నెల ఎదురింటి వాళ్ల మోటారు సైకిలు పోతే ఈనాటికీ జాడలేదు. ఈ ముద్దల సంగతి గర్వంగా ఎన్ని సభల్లో చెప్పినానో లెక్కలేదు. ఒక్కసారి జరిగింది మాత్రం ఎక్కడా చెప్పలేదు.

అంతకు రెండేళ్ల ముందు మా చిన్నమ్మ కనిపించకుండా పోయింది. మా చిన్నాయన మొదటి భార్య. యర్రగొండపాలెం అవతల అడవి అంచున వాళ్ల పుట్టిల్లు, అక్కడ పూసే పూలన్నిటి పేర్లూ చెప్పేది. నాకంటే నాలుగేళ్లు పెద్దది, అంతే. వెండి మెట్టెలకు చేప బొమ్మలు ఉండేవి, ఆమె నడుస్తుంటే గచ్చు మీద అవి టకటకమనేవి, ఆ చప్పుడుకే నేను పరుగెత్తేదాన్ని. చిన్నాయన చేయి చేసుకునేవాడు. ముఖం వాచి మా వైపు వస్తే అమ్మ పసుపు రాసేది, నాయన తమ్ముణ్ణి నాలుగు మాటలని సర్ది పంపించేవాడు. ఒకరోజు పొద్దున ఆమె లేదు. పలకల లారీ తోలేవాడితో పోయిందని చిన్నాయన అన్నాడు. ఊరంతా అదే అన్నది. పోలీసులకు చెబుదామంటే, ఇంటి ఆడదాని సంగతి ఠాణాలో మాట్లాడుకుంటామా అని నాయన కొట్టిపారేసినాడు.

ఆ తరువాతి ఏడాది ఆమె తల్లి బస్సు దిగి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఏడ్చేది కాదు, గొడవ చేసేది కాదు. అరుగు మీద కూర్చుని, పిల్ల దగ్గర నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా అని అడిగేది. లేదంటే తల ఊపేది. మంచినీళ్లు ఇస్తే ముట్టేది కాదు. సాయంత్రం బస్సు దాకా మా గడప వైపే చూస్తూ కూర్చుని వెళ్లిపోయేది.

మూడో ఏడు వానలు మొగం చాటేసినాయి, ఊరి మంచినీళ్ల బావి అడుగంటింది. కొందరు సర్కారుకు బోరు కోసం అర్జీ పెడదామన్నారు. మా నాయన ఒప్పుకోలేదు, మన బావి మనం లోతు చేసుకుందాము అన్నాడు. ఊరంతా కదిలింది. చేను ఉన్నవాళ్లూ కూలికి పోయేవాళ్లూ, గుడికి పోయేవాళ్లూ చర్చికి పోయేవాళ్లూ, అందరూ ఒకే వరసలో నిలబడి గంపలు అందుకున్నారు. ఆ నాలుగు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పొంగుతుంది. నాలుగో రోజు పక్కింటి అత్త చెమటకు ఒరుసుకుంటున్నదని మెడలో గొలుసు తీసి బావి గట్టు మీద పెట్టింది, తిరిగి చూస్తే లేదు. చాటింపు వేసినారు. ముద్దలు.

కొట్టు తలుపు పక్కన ఇళ్ల పట్టీ పట్టుకుని నేను కూర్చున్నాను, ఒక్కొక్కరు ముద్ద వేసినాక పేరు పక్కన గీత పెట్టడం నా పని. బయట ఎండ కళ్లు చీకట్లు కమ్మేట్టు కాస్తున్నది. అంతమంది ఉన్నా వాకిట్లో మాట లేదు. మనిషి లోపలికి పోతాడు, తలుపు పడుతుంది, బుడుంగుమని ఒక చప్పుడు, మనిషి బయటికి వస్తాడు. మళ్లీ ఇంకొకరు, మళ్లీ అదే చప్పుడు. మునసబు ఇల్లు కనుక మాది ఆఖరు. మా ఇంటి తరఫున అవ్వ పోయింది, అంటే నాయనకూ చిన్నాయనకూ తల్లి. చప్పుడు వినిపించింది. గీత పెట్టినాను. అవ్వ రాలేదు. కాసేపటికి రెండో చప్పుడు, మొదటిదాని కంటే బరువుగా.

అవ్వ బయటికి వచ్చి చేయి చీర కుచ్చిళ్ల లోపలికి తుడుచుకుంది. మా చేలలో ఎర్రమట్టి. ఆమె వేళ్ల సందుల్లో ఉన్నది బూడిద రంగు మట్టి. నా వైపు చూడలేదు.

నాయన గంగాళంలో చేతులు పెట్టినాడు, గొలుసు తొందరగానే దొరికింది. అత్త దండం పెట్టి మెడలో వేసుకుంది, జనం లేచినారు. నాయన చేతులు మాత్రం నీళ్లలోనే ఉన్నాయి. ఒక ముద్ద కరగలేదు. పలకమన్ను అంత సులువుగా కరగదు, పొరలు పొరలుగా విడిపోతుంది. పైకి తీసి విరిచినాడు. చేప బొమ్మల మెట్టెలు, రెండూ, బురదలో జంటగా ఉన్నాయి.

మొగుడు ఉన్న ఆడది మెట్టెలు తీయదు. పారిపోయేదైనా కాళ్లకు ఉంచుకునే పోతుంది. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. పలకమన్ను ఆ చుట్టుపక్కల ఒకే ఒక్క గుంతలో ఉంటుందని ప్రతి మగవాడికీ తెలుసు. చిన్నాయన తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. నాయన ముఖం ఎత్తి, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

“ఎవరిదో వచ్చి తీసుకోండి.”

ఎవరూ రాలేదు. నాయన వాటిని తువ్వాలు కొంగున ముడివేసుకుని, పనికి పోదాం పదండి అన్నాడు. అవ్వ గడపలో కూలబడి కొడుకులిద్దరినీ చూస్తున్నది. నాయన ఏదో చేస్తాడని అనుకుందేమో, పాపం. ఆ మెట్టెలు ఆమె చేతికి ఎట్ల వచ్చినాయో, ఆ వయసులో ఆ గుంతలోకి ఎట్ల దిగిందో ఆమె చెప్పలేదు, చెప్పడానికి ఆ ఏడు దాటి బతకనూ లేదు.

ఆ మధ్యాహ్నం నుంచి బావిలో తీసిన మట్టిని గట్టు మీద పోయవద్దని, పలకల గుంతలో పోయాలని నాయన చెప్పినాడు. గట్టు పది అడుగుల్లో ఉంది, గుంత ఊరి బయట ఉంది. అంత దూరం ఎందుకని ఒక్క నోరు అడగలేదు. ఊరంతా వరస కట్టింది. గంప చేతులు మారుతూ పోతున్నది, ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడటం లేదు, కూనిరాగాలు లేవు, పరాచికాలు లేవు. గుంత అంచున నా వంతు వచ్చినప్పుడు కిందికి చూడకుండా గంప వంచినాను. ఆ మట్టి పడిన చప్పుడు కూడా నాకు గుర్తుంది. వారానికి గుంత నేలమట్టమైంది. అదే రోజు బావిలో ఊట పడింది. ఎంత తియ్యటి నీళ్లో! అందరం తాగినాము. నేనూ తాగినాను.

ఏటా వానలకు ఆ చోటు కొంచెం కుంగేది. ఎవరూ చెప్పకుండానే ఎవరో ఒకరు నాలుగు గంపల మట్టి పోసి పోయేవాళ్లు. ఎవరు పోస్తున్నారో నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ తల్లి మరుసటి ఏడు కూడా వచ్చింది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఉత్తరం వచ్చిందా అమ్మా అని అడిగింది. లేదు అన్నాను. అది అబద్ధం కాదు కదా అని ఆ తరువాత యాభై ఏండ్లు నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, ఒక్కనాడూ నమ్మలేదు. ఆ రోజు ఆమె మొదటిసారి నా చేతి నీళ్లు తీసుకుని తాగింది, ఆ బావి కొత్త ఊట నీళ్లు. తాగి నా తల నిమిరి పోయింది. మళ్లీ రాలేదు. చచ్చినవాళ్ల రిజిష్టరులో నేను చిన్నమ్మ పేరు రాయలేదు, నాయన రాయమనలేదు. చిన్నాయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, నిండు ఆయుష్షుతో పోయినాడు. నాయన పోయినాక ఆయన పెట్టెలో మునసబు ముద్ర పక్కన ఒక గుడ్డమూట దొరికింది. అప్పటి నుంచి అది నా బీరువాలో ఉంది.

నిన్న పొద్దున ఆ అర్జీ మళ్లీ ముందు వేసుకున్నాను. అప్పటి ఊరు మంచిదని నేను రాసిన ఉత్తరాలన్నీ అబద్ధాలు కావు. ఒకరికి కష్టం వస్తే ఊరంతా నిలబడేది నిజం. ఆ నిలబడిన ఊరే ఒక ఆడపిల్లను వరస కట్టి పూడ్చిపెట్టిందీ నిజం, దానికీ సర్కారు రూపాయి ఖర్చు కాలేదు. ఇప్పుడు ఆ కట్టు లేదు, పక్కింట్లో ఎవరున్నారో తెలియదు, ఎవరి మాటా ఎవరూ వినరని నేనే రోజూ సణుగుతుంటాను. కానీ రేపు ఆ గుంత దగ్గరికి యంత్రం తోలుకుని వచ్చేవాడు మా ఊరివాడు కాడు. వాడికి మా ఇంటి పరువు పట్టదు. కూలికి వచ్చినవాడు, తవ్వమంటే తవ్వుతాడు, బయటపడినదాన్ని చూసి కేక వేస్తాడు. ఆ ఒక్క కేక వేసేవాడు ఆనాడు మాలో లేడు.

కాగితం వెనక్కి తిప్పి, నా ముత్యాల్లాంటి దస్తూరి ఇప్పుడు వంకర్లు పోతున్నా, కలెక్టరు గారికి నేనే రాసినాను. ఈ పనికి అయ్యే ఖర్చుకు నాకు ఏ అభ్యంతరమూ లేదు. వెంటనే తవ్వించండి, మెల్లగా తవ్వించండి. తవ్వే రోజు నాకు కబురు పెట్టండి, ఆమె మెట్టెలు నా దగ్గర ఉన్నాయి.