పదికి పది మేస్త్రీలకు

ఖతార్‌లో చమురు పొంగి, దోహాలో ఎటు చూసినా మేడలు లేస్తున్న రోజులవి. ఆ నగరంలో సగం నేనే కట్టానని ఊరికి పోయినప్పుడల్లా చెప్పుకునేవాణ్ణి. నిజానికి ఒక కంపెనీలో ఫోర్‌మన్‌ను. నజ్మా పేటలో మాకున్నది ఒంటి గది. నిద్రలో కాలు చాపితే పప్పు గిన్నెలో పడేది.

నాలుగో తరగతి చదివే మా అమ్మాయికి హోంవర్క్ ఇచ్చారు. తాముండే ఇంటి నమూనా చేసి తెచ్చి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. పిల్ల చెప్పుల డబ్బా ముందేసుకుని వారం రోజులు కూర్చుంది. టీపొడి అట్టతో తలుపు, అగ్గిపెట్టెలతో మంచం. అన్నం మెతుకులతో అంటించిన గోడ ఒక పక్కకు ఒరిగింది.

"ఇదేం ఇల్లు బిడ్డా? తుమ్మితే కూలుతది" అన్నాను.

"మనిల్లు గిట్లనే ఉంటది గదా బాపూ!"

ఆ మాట దగ్గరే ఆగాల్సింది. ఫోర్‌మన్ కూతురు చెప్పుల డబ్బా పట్టుకుపోతే ఖతార్ పరువేం కావాలనుకున్నాను.

శుక్రవారం సెలవు. మెసైమీర్‌లో మా కూలీలుండే క్యాంపుకు పోయి మా కార్పెంటర్‌నూ, హైదరాబాదీ ఎలక్ట్రీషియన్‌నూ పనిలో దించాను.

"లిఫ్ట్ భీ పెడ్దామా ఉస్తాద్?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"లిఫ్టేంది భాయ్, మీద విమానం దిగే జాగ పెడ్త" అన్నాడు కార్పెంటర్.

సాయంత్రానికి ఏడంతస్తుల మేడ, అంతస్తుకో బల్బు. దారిన పోయేవాళ్లు అద్దెకు అడుగుతారేమోనని గుడ్డ కప్పి తెచ్చాను. గదిలో చోటు లేక, చెప్పుల డబ్బాను నా చేత్తోనే వీధి చివర చెత్తలో వేశాను. పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇందులో మీరుండేదెక్కడ?" అని బళ్లో టీచరమ్మ అడిగిందట. పిల్ల పైనుంచి కిందిదాకా వెతికి, "మా గది ఇందులో లేదు మేడం" అన్నదట. డైరీలో రాసి పంపింది టీచరమ్మ: "మేస్త్రీలకు పదికి పది. మీ అమ్మాయి హోంవర్క్ ఇంకా రాలేదు."

వీధి చివరకు పరుగెత్తాను. చెత్తబండి ఎప్పుడో వచ్చి పోయింది. అవసరం లేకపోయినా కొత్త చెప్పులు కొని, డబ్బా తెచ్చి పిల్ల ముందు పెట్టాను.

"మల్ల చెయ్యి బిడ్డా. నేను ముట్ట."

"నువ్వే చెయ్యి బాపూ. నీకే మంచిగొస్తది."

ఎత్తిపొడుపైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజంగానే నమ్మి అన్నది. ఆ ఏడాదంతా ఏ హోంవర్క్ వచ్చినా పుస్తకం తెచ్చి నా ముందు పరిచేది. పెన్సిల్ చెక్కి, నా చేతిలో పెట్టేది.