అవ్వ బండ కింద గాలి

పక్కింటి అవ్వ పోయింది. ఆమె కొడుకు పల్లె నుంచి ఫోన్ చేసి, "అమ్మ పోయిందన్నా. బండ మీదనే, కూచున్నట్లే పోయినాది" అన్నాడు. ఏ బండ అని నేను అడగలేదు. మా వీధిలో పెరిగిన వాళ్ళెవరూ అడగరు.

మాకూ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ. అవ్వకు ఇల్లు వంటకూ సామాన్లకూ మాత్రమే. ఆమె బతికిందంతా పెరట్లో. పొద్దున తూర్పు గోడ నీడన మంచం వేసేది. ఎండ ఎక్కితే కానుగ మండలు కప్పిన పందిరి కిందికి, మధ్యాహ్నం దాటితే పడమటి గోడ పక్కకు జరిపేది. "ఎండను తిట్టేదెందుకప్పా, మంచం జరుపుకుంటే పోలేదా?" అనేది. బియ్యం కడిగిన నీళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళు బక్కెట్లో దాచి సాయంత్రం పెరటి బండల మీద చల్లేది. ట్యాంకర్ దగ్గర వీధంతా బిందెలతో కొట్టుకునే రోజుల్లోనూ మానలేదు. బండలు చల్లబడ్డాక మేమంతా అక్కడికి చేరి, విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తూ కబుర్లాడుకునేవాళ్ళం. మా ఇల్లు మాత్రం కుంపటిలా కాలుతూ ఉండేది. ఎండాకాలమంటే భయం లేకుండా పెరిగానంటే ఆమె పుణ్యమే.

పెరటి నడుమ ఉన్న పెద్ద బండ కింద ఎండిపోయిన చేదబావి ఉంది. నేను పుట్టకముందు పూడిక తీయడానికి దిగిన తాత, అవ్వ భర్త, అడుగున ఊపిరాడక పోయాడు. అవ్వ బావిని పూడ్చలేదు. మీద బండ పరిపించి, చెంబు పట్టేంత బొక్క వదిలించింది. పొద్దున దాని మీద వేపాకు పెడితే లోపలికి పీల్చుకునేది. సాయంత్రమైతే అందులోంచి చల్లటి గాలి పైకి వచ్చేది. వాన ముందు మరీ ఎక్కువ. అవ్వ అరచెయ్యి పెట్టి చూసి, "వాన తిరిగేట్టుండాది" అనేది. చాలాసార్లు ఆ మబ్బు మడకశిర దాటి కన్నడం వాళ్ళకు కురిసేది, అది వేరే సంగతి.

ఆ గాలి ఏమిటని ఒకసారి అడిగాను. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీ తాత ఊపిరి లోపలే ఉండిపోయినాది. మూస్తే యాడికి పోతాది?"

తర్వాత పెద్ద చదువులు చదివి, అది పూటపూటకూ మారే వాతావరణ ఒత్తిడి పని అని తెలుసుకున్నాను. తెలిసినా ఆ బొక్క మీద చెయ్యి పెట్టినప్పుడల్లా అవ్వ మాటే గుర్తొచ్చేది.

కొడుక్కు మాత్రం ఆ బావిని పూడ్చి, మీద గది కట్టి, అమ్మకు కూలర్ పెట్టాలని ఉండేది. అవ్వ ఒప్పుకోలేదు. "నేనుండంగ మూయొద్దు. పోయినంక కూడా మూయొద్దు. నేను అడిగేది ఇదొక్కటే" అంది నా ముందరే. అతడు అప్పుడు మాట ఇవ్వలేదు.

ఫోన్ రాగానే నేను పల్లెకు పోయాను. అవ్వను మట్టి చేసి వచ్చిన మర్నాడు కొడుకు అన్నాడు, "దినాలకు జనం వస్తారు, పిల్లోళ్ళు ఆడతారు. బావి మీద నాకు భయమన్నా. ట్రాక్టర్ మట్టి చెప్పినా." అతడిని తప్పుపట్టలేకపోయాను. నాయనను మింగిన బావి అది.

మనిషి ప్రాణం పోయిన చోట దీపం పెట్టడం మా వైపు ఆనవాయితీ. సందెవేళ కోడలు బండ మీద దీపం వెలిగించింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది. పందిరి మీది కానుగాకు ఒక్కటీ కదలడం లేదు. "బొక్కలోంచే వస్తాండాది గాలి" అని ఆమె అవ్వ పాత చీర ఒకటి తెచ్చి, మడిచి బొక్క మీద కప్పింది. అప్పుడు దీపం నిలబడింది.

అంతలో ట్రాక్టర్ వచ్చి గేటు ముందర ఆగింది. డ్రైవరు లోపలికి వచ్చి, "మట్టి యాడ పోయల్లన్నా?" అన్నాడు.

అందరం చీరనే చూస్తున్నాం. అది మెల్లగా ఉబ్బింది, తగ్గింది. మళ్ళీ ఉబ్బింది. నిద్రపోయే మనిషి ఎదలాగే ఉంది. నాకు తెలిసిన ఒత్తిడి లెక్కలో అట్లా వెంటవెంటనే జరగదు.

కొడుకు వంగి, అమ్మ పెట్టినట్లే దాని మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"వాపస్ తీసకపోప్పా. ఈడ వద్దు" అన్నాడు.

ట్రాక్టర్ వెళ్ళిపోయింది. అతడు మూలనున్న బక్కెట్ తెచ్చి, మేమంతా కాళ్ళు కడిగిన ఆ నీళ్ళను బండల మీద చల్లడం మొదలుపెట్టాడు, దీపం మీద పడకుండా చుట్టూ తిరుగుతూ. వేడి బండల వాసన లేచింది. చీర లేస్తూ, దిగుతూ ఉంది.