శత్రువు లేని చోట

పొద్దు వాలే వేళకి రేపల్లె దగ్గరి సముద్రపు ఒడ్డున, బోర్లించిన పడవకి వీపు ఆనించి సింగయ్య వల బాగుచేసుకుంటూ ఉంటాడు. వేళ్ళు ముడులు వేస్తూనే ఉంటాయి, కళ్ళు మాత్రం అలల మీద ఎక్కడో తేలుతుంటాయి. ఉన్నట్టుండి కుడిచెయ్యి ఆగిపోయి, ఏదో జారిపోతున్నట్టు పిడికిలి బిగుసుకుంటుంది. కాసేపటికి దానంతటదే విచ్చుకుంటుంది. పటాలంలో ఉన్న రోజుల్లో వరదలో కొట్టుకుపోతున్న ఇద్దరు జవాన్లను ఆ చేత్తోనే ఒడ్డుకి లాగాడు. మూడోవాడి మణికట్టు దొరికినట్టే దొరికి జారిపోయింది. ఇంట్లో దేవుడి పటం పక్కన ఆకుపచ్చ రిబ్బనుకి వేలాడే కంచు బిళ్ళ, మూడో తరగతి అశోకచక్రం, అందుకు ఇచ్చిందే. చూడవచ్చినవాళ్ళు "ఎంతమందిని చంపావు బాబాయ్?" అంటారు. "శత్రువు ఎదురుగా లేనప్పుడు చూపిన ధైర్యానికి ఇచ్చేదయ్యా ఇది" అనగానే వాళ్ళ మొహాల్లో కళ తగ్గిపోతుంది.

పంతొమ్మిది వందల అరవై ఏడులో ఆ పతకానికి శౌర్యచక్ర అని కొత్త పేరు పెట్టారు. రేపల్లె బజారులో ఆ కబురు విని, చేపలమ్మిన ఖాళీ తట్టతో వచ్చిన సింగయ్య పెళ్ళాం పేరంటాలు సంబరంగా అతని పక్కన చతికిలబడింది.

"పేరు మారిందంట కదా మావా! ఇకనైనా యుద్ధంలో వచ్చిందని చెప్పుకోవచ్చా?"

"పేరే మారిందే. ఇప్పుడూ శత్రువు లేని చోట ఇచ్చేదే."

"లేకపోవడమేంటి? నీ చెయ్యి జారిన ఆ మూడో పిల్లోణ్ణి మింగిన నీళ్ళు శత్రువు కాదా?"

సింగయ్య పిడికిలి బిగుసుకుంది. ఒక అల వచ్చి ఇద్దరి పాదాలూ తడిపింది.

"నీళ్ళని శత్రువనుకుంటే, రేప్పొద్దున పడవెట్టా దించేదే?" అని పిడికిలి విప్పి, వెనక్కి పోతున్న నీళ్ళలో చెయ్యి పెట్టాడు.