మిగిలిన బోల్టు

తాళాలాయనకు ఆ పేరు పటాలంలో పడింది. ఉద్యోగం వదిలి ఇంటికొచ్చినా అది మాత్రం ఆయన్ని వదల్లేదు. సైన్యం బళ్లు బాగుచేసే వర్క్‌షాపులో విడిభాగాల గదికి ఆయనే అధికారి, ఆయనే కాపలాదారు. మొలకు తాళాల గుత్తి, మొహాన చిటపటలు. చిన్న వాషరు కావాలన్నా పాతది తెచ్చి చూపిస్తే గానీ కొత్తది చేతిలో పెట్టేవాడు కాదు. ఆ పాతది లోయలో పడిపోయింది మహాప్రభో అని డ్రైవర్లు మొత్తుకుంటే, లోయలోకి దిగి తెమ్మనేవాడు. సొంత సొమ్ము దగ్గర చేతికి ఎముక లేని మనిషే. సర్కారు సొమ్ము దగ్గరికొచ్చేసరికి పిడికిలి బిగిసేది.

అలాంటి మనిషి ఈ వయసులో, ఎవరూ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఒక బోల్టు తీసి ఇచ్చాడంటే నమ్మశక్యం కాదు. కానీ ఇచ్చాడు. ఎందుకిచ్చాడో చెప్పాలంటే ముందు ఆయన ఇంటి సంగతి చెప్పాలి.

భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాడు. కొడుకూ కోడలూ మంచివాళ్లు, వంక పెట్టడానికి లేదు. కాకపోతే పొద్దున ఎనిమిదయ్యేసరికి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ఈయనా, టీవీ. సీరియల్లో అత్త కోడల్ని ఏడిపిస్తుంటే ఊరుకోలేక, కోడలి తరఫున గట్టిగా వాదించేదాకా వచ్చింది వ్యవహారం. "వాళ్లకి వినపడదు మామయ్యా" అని ఒకరోజు సొంత కోడలు నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ లోపల కలుక్కుమంది.

సరిగ్గా అప్పుడే ఫోర్‌మన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఫోర్‌మన్ అంటే అదే వర్క్‌షాపులో ఒకప్పుడు పెద్ద మేస్త్రీ. నాలుగు వీధుల అవతల ఇల్లు, ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు. పాత కాలం కార్లు ఎక్కడ తుక్కుగా పడున్నా తెచ్చి, విప్పి, మళ్లీ మనిషి ఎక్కేలా చేయడం ఆయన పిచ్చి. ఈసారి దొరికింది గుండ్రటి ముక్కున్న కారు. కోళ్ల షెడ్డులో పడుంది. వెనక సీటు మీద ఒక పెట్ట పొదుగుతూ కూర్చుని, దిగనంటే దిగనని గొడవ చేసిందట. పటాలంలో లారీ తోలిన డ్రైవరు అప్పటికే పనిలో దిగాడు. విడిభాగాలు చూసుకోవడానికి నువ్వూ రావాలిరా అని ఫోర్‌మన్ తాళాలాయన్ని పిలిచాడు. పిలుస్తూనే ఒక మాట కూడా చెప్పాడు. ఇదే ఆఖరి బండి, మోకాళ్లు మాట వినడం లేదు, దీన్ని రోడ్డెక్కించి పానాలన్నీ పెట్టెలో పెట్టేస్తాను అని. తాళాలాయన ఆ మాటను అప్పట్లో పట్టించుకోలేదు.

ఇక చూడండి ఆయన హుషారు. కొడుకు కన్నా ముందే తయారై గుమ్మం దిగేవాడు. షెడ్డులో అరలు కట్టించాడు, డబ్బాలు కడిగించాడు, ఏ మేకు ఎక్కడుందో తనకి తప్ప ఎవరికీ తెలియకుండా సర్దాడు. డ్రైవరు స్క్రూ అడిగితే పాతది చూపించమన్నాడు. డ్రైవరు ఆయన్ని అప్పటి తిట్లే మళ్లీ తిట్టాడు. ప్రాణం లేచొచ్చింది తాళాలాయనకు.

పని ఎంతో, కబుర్లు అంతకు రెండింతలు. మంచు కొండల్లో డీజిలు గడ్డకడితే ఇంజను కింద మంట పెట్టి కాచిన రోజులు, టీ ముందా ఇంజను ముందా అని ఆ మంట దగ్గరే తగువులాడుకున్న రోజులు. డ్రైవరు చెప్పిన ప్రతిసారీ కొండ ఇంకాస్త ఎత్తు పెరిగేది. తాళాలాయన వాటాకొచ్చేది తనిఖీ కథ. పక్కపక్కనే మూడు పటాలాలు. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. మూడింటికీ కలిపి పనిచేసే జాకీ ఒక్కటే ఉంది. తన గదిలో చూపించి, వెనక గోడ మీదుగా పక్కవాళ్లకు అందించాడు. వాళ్లు మూడోవాళ్లకు అందించారు. మూడో చోట ఆ పెద్దాయన జాకీ మీద చెయ్యేసి, పాపం ఇది పొద్దుట్నుంచీ తిరిగి తిరిగి అలసిపోయింది, ఈ పూటకు సెలవివ్వండి అన్నాడట. ఎన్నిసార్లు విన్నా ఫోర్‌మన్ పానా కింద పడేసి మరీ నవ్వేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆ షెడ్డులో నవ్వులాట లేదు. బిగింపులన్నీ అయ్యాక పళ్లెంలో బోల్టు మిగిలిందంటే బండి మొత్తం విప్పాల్సిందే. వెనకటికి ఎవడో మిగిలిన బోల్టును గుట్టుగా జేబులో వేసుకుని లారీని పంపించేశాడు. దిగుడు రోడ్డు మీద స్టీరింగు తిరిగిందే గానీ చక్రాలు తిరగలేదు. ఆ లారీ తోలింది ఈ డ్రైవరే. గడ్డివాము అడ్డం వచ్చింది కాబట్టి బతికి బట్టకట్టి ఇవాళ కోతలు కోస్తున్నాడు. ఆ రోజు నుంచి ఫోర్‌మన్‌కు అది శిలాశాసనం.

ఎండలు పోయి వానలొచ్చాయి. కారుకు తలుపులొచ్చాయి, సీట్లొచ్చాయి, ఇంజను ఒకసారి దగ్గి, తర్వాత కులాసాగా పలికింది. అందరూ సంబరపడుతుంటే తాళాలాయన గుండెలో రాయి పడింది. ఆఖరి బండి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. బండి బయటికెళితే షెడ్డుకు తాళం. తనకు మళ్లీ సోఫా, టీవీ, ఆ దిక్కుమాలిన అత్తగారు.

మర్నాడు అందరికన్నా ముందొచ్చి, ఖాళీ పళ్లెంలో ఒక బోల్టు పడేశాడు.

ఫోర్‌మన్ వచ్చి చూశాడు. తీసి వేళ్ల మధ్య తిప్పాడు. చివరికి "విప్పండి" అన్నాడు. డ్రైవరు నెత్తి కొట్టుకుని కారు కిందికి దూరాడు. మళ్లీ మొదట్నుంచీ పని, మళ్లీ కొండలు, మళ్లీ జాకీ కథ. తాళాలాయన ఇంట్లో ఈల వేస్తుంటే కోడలు ఆశ్చర్యపోయింది.

కానీ తప్పు చేసినవాడికి సుఖం ఎన్నాళ్లుంటుంది? ఫోర్‌మన్ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేస్తుంటే చూడలేకపోయేవాడు. గడ్డివాము నియమాన్ని ఇలా వాడుకున్నందుకు డ్రైవరు మొహం చూడాలంటే సిగ్గేసేది. పైగా ఒకరోజు ఫోర్‌మన్ భార్య టీ గ్లాసులు అందిస్తూ తన మనసులో మాట బయటపెట్టింది.

"ఆ ముందు సీట్లో కూర్చుని ఊరంతా ఒక్కసారి తిరగాలని ఉంది అన్నయ్యగారూ. పటాలం రోజుల్లో ఈయన ఎప్పుడు చూసినా ఏదో ఒక బండి కిందే ఉండేవారు. నన్ను ఎక్కించుకున్న పాపాన పోలేదు."

ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. ఇక చాలు, ఈసారి బండి కదలాల్సిందే అనుకున్నాడు. బిగింపులు పూర్తయ్యాక తన చేత్తోనే పళ్లెం తుడిచి, బోర్లించి పెట్టి ఇంటికెళ్లాడు. దుఃఖమైతే ఉంది గానీ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్నే వెళ్లేసరికి ఫోర్‌మన్ దంపతులూ, డ్రైవరూ షెడ్డులోనే ఉన్నారు. ఆవిడ మంచి చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చునుంది. పళ్లెం వెల్లకిలా ఉంది. అందులో రెండు బోల్టులున్నాయి.

తాళాలాయన పళ్లెంకేసి చూసి, "ఈసారి నేను పెట్టలేదు" అనేశాడు.

ఆ మాట బయటికొచ్చాక గానీ తనేమన్నాడో తనకే అర్థం కాలేదు. ఫోర్‌మన్ మెడ గోక్కున్నాడు.

"రెండెలా వచ్చాయి? నేను పెట్టింది ఒకటేగా."

ముగ్గురిలో మిగిలినవాడు డ్రైవరు. ఆయన అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకోవడంలో మునిగిపోయాడు. ముందుగా నవ్వింది ఫోర్‌మన్ భార్య. తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. డ్రైవరు నవ్వలేక బానెట్టు మీద వాలిపోయాడు. కొంచెం తేరుకున్నాక ఫోర్‌మన్ అసలు సంగతి చెప్పాడు. మొదటిసారి దొరికిన బోల్టు లారీదట, చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయిందట.

"మరి ఎందుకు విప్పించావురా?" అన్నాడు తాళాలాయన.

"ఆఖరి బండి అని గొప్పగా చెప్పేశాను కదా. మళ్లీ విప్పుదామని నేనే ఎలా అంటాను? నువ్వు పెట్టి పుణ్యం కట్టుకున్నావు."

సీట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. కావాలంటే మిగతాదంతా విప్పుకోండి, నేను మాత్రం ఈ సీటు దిగను అంది. కోళ్ల షెడ్డులో పెట్ట కూడా ఇంత మొండికెయ్యలేదని ఫోర్‌మన్ గొణిగాడు, భార్యకు వినపడకుండా.

కారు బయటికొచ్చింది. డ్రైవరు స్టీరింగు దగ్గర, ఆవిడ పక్కన, ముసలాళ్లిద్దరూ వెనక. వీధిలో జనం ఆగి చూస్తుంటే ఆవిడ చెయ్యి ఊపుతోంది. తాళాలాయన కూడా ఊపాడు గానీ, వీధులు దాటుతున్నకొద్దీ మనసు బరువెక్కింది. అంతలో ఫోర్‌మన్ అడిగాడు, రేపు ఎన్నింటికొస్తావని.

"ఇంకేం పనుందని రావాలి? బండి అయిపోయిందిగా."

"పనుంటేనే వస్తావా?"

ఫోర్‌మన్‌కు నిజంగానే కోపమొచ్చింది. ఆ కోపం చూసి తాళాలాయనకు కలిగినంత సంతోషం పటాలంలో ఏ పతకం చూసినా కలగలేదు. ఇంత చిన్న మాటకు ఇన్నాళ్లు బోల్టులు పెట్టుకుంటూ కూర్చున్నాం కదరా అనిపించింది. ఎనిమిదింటికి వస్తానన్నాడు. అరగంట ముందే రమ్మన్నాడు ఫోర్‌మన్.

"నన్నెవరూ అడగరేంట్రా?" అని డ్రైవరు వెనక్కి తిరిగి మండిపడ్డాడు.

"మీరు ముందు రోడ్డు చూడండి అన్నయ్యగారూ" అని ఆవిడ కేకేసింది.