కార్డున్నవాళ్ళ లిఫ్టు

లోకం ముందుకు పోతోందని ఒట్టేసి చెప్పేవాళ్ళలో మన లిఫ్టు మెకానిక్కు మొదటివాడు. మంగలి షాపులో బెంచీ మీద కూర్చుంటే చాలు, ఎవరూ అడక్కుండానే అందుకునేవాడు. "మా నాన్న బీరువాలు వీపున మోసుకుని మెట్లెక్కీ ఎక్కీ నడుం పోగొట్టుకున్నాడు. నేను అసలు మెట్లతో పనే లేకుండా చేస్తున్నా. ఇది ముందుకెళ్ళడం కాకపోతే ఇంకేంటి?" అనేవాడు. అందుకే ఆ వీధిలో అతనికి 'ముందడుగు' అని పేరు పడింది. అది వెక్కిరింత అని అతనికి తట్టలేదు. బిరుదనుకుని మురిసిపోయేవాడు.

మంగలిది దీనికి ఎదురుపాట. "లోకం భ్రష్టుపట్టిపోయింది. పూర్వం మనుషులు ఇలా ఉండేవాళ్ళా?" అంటూ కత్తెర ఆడించేవాడు. ఆ పూర్వం ఎలా ఉండేదో చెప్పమంటే నీళ్ళు నమిలేవాడు. ఆ పూర్వంలో వాళ్ళ తాతను ఏ ఇంటివాళ్ళూ గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు మరి. ఒకడు రేపటి గురించీ ఇంకొకడు నిన్నటి గురించీ గంటలకొద్దీ కోతలు కోసేవాళ్ళు. ఇవాళ కళ్ళ ముందు ఏం జరుగుతోందో ఇద్దరికీ పట్టేది కాదు.

మెకానిక్కుకు ఒక అక్క ఉంది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది ఆమే. ఇళ్ళల్లో అంట్లు తోమి, బట్టలుతికి, తర్వాత వంటలు నేర్చుకుని, వాడికి పని నేర్పించింది కూడా ఆమే. అతను సొంతంగా బిగించిన మొదటి లిఫ్టులోకి ముందు అక్కనే ఎక్కించాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని వాడి చొక్కా పట్టుకుంది. పైకి వెళ్ళాక కళ్ళు తెరిచి, "అయ్యో, అప్పుడే వచ్చేశామా?" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు అతను నిజంగానే మంచివాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత కంపెనీవాళ్ళు అతన్ని సూపర్‌వైజర్‌ని చేసి ఒక పెద్ద బిల్డింగు అప్పగించారు. చూస్తే అక్క వంట చేసే బిల్డింగే. ఎనిమిదో అంతస్తులో, ఇద్దరూ ఆఫీసులకు పోయే మొగుడూ పెళ్ళాల ఇంట్లో ఆమె వంటమనిషి. ఆ సాయంత్రమే అక్క గదికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి నసిగాడు.

"అక్కా, ఆ బిల్డింగులో మనం ఒకళ్ళకొకళ్ళం తెలిసినట్టు ఉండొద్దు."

"ఎందుకురా?"

"వాళ్ళు నన్ను సార్ అంటున్నారు. మా అక్క వంటమనిషని తెలిస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

ఆమె ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసింది. "సరేలే, నీకు మంచి జరిగితే నాకంతే చాలు" అని పొయ్యి వైపు తిరిగిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు. ఈ మల్లయ్య అక్క కాబట్టి సర్దుకుంది.

ఇక ఆ బిల్డింగు సంగతి. గోడలకు రాయి, నేలకు అద్దం లాంటి పాలిష్, గేటు దగ్గర కెమెరాలు. కింది అంతస్తులో వ్యాయామశాల ఉంది. అందులో కదిలే మెట్ల మెషీన్లున్నాయి. బిల్డింగువాళ్ళు పై అంతస్తుల నుంచి లిఫ్టులో కిందికి దిగి, ఆ మెషీనెక్కి ఎక్కడికీ పోని మెట్లు అరగంట ఎక్కి, చెమటలు తుడుచుకుని, మళ్ళీ లిఫ్టులో ఇంటికి పోతారు. నాగరికత అంటే ఇదేనని వాళ్ళ నమ్మకం.

వాళ్ళకొక సెక్రటరీ. ఏదో ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైనవాడు. అక్కడ ఊడిన పెత్తనం ఇక్కడ దొరికింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఈయన ముందు తోటమాలి టోపీ రంగు మార్పించాడు, తర్వాత పనివాళ్ళు గేటులో ఏ పక్క నుంచి నడవాలో గీత గీయించాడు, ఆ తర్వాత చూపు లిఫ్టు మీద పడింది. మీటింగు పెట్టి అందరిచేతా చేతులెత్తించాడు. ఇకమీదట లిఫ్టు కార్డు చూపిస్తేనే కదులుతుంది. కార్డులు ఇళ్ళవాళ్ళకే. పనివాళ్ళు మెట్లెక్కాలి.

మెకానిక్కును పిలిపించి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన వ్యాయామశాల నుంచే వస్తున్నాడు. మెడలో తువ్వాలు ఇంకా ఉంది.

"కాలంతోపాటు మనమూ మారాలి కదండీ. అంతా కొత్త టెక్నాలజీ" అన్నాడు సెక్రటరీ.

"పనివాళ్ళందరికీనా సార్? పెద్దవయసువాళ్ళు, వంటచేసేవాళ్ళు ఉంటారు కదా..."

"మెట్లెక్కితే వాళ్ళకే మంచిదండీ, ఆరోగ్యం. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు. అయినా, మీకెవరైనా తెలుసా ఇక్కడ?"

"అబ్బే, ఊరికే అడిగాను సార్."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట ఒకడు. పనివాళ్ళ ఆరోగ్యం కోసం లిఫ్టుకు తాళం వేసేవాడు వాడికి అన్నగారు. మెకానిక్కు మాత్రం ఆ మాట మనసులో కూడా అనుకోలేదు. అక్క పనిచేసే ఇంటివాళ్ళు మంచివాళ్ళు, ఆమెకు ఎలాగోలా ఒక కార్డు ఇప్పిస్తారని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వచ్చిన చుట్టాలందరికీ ఆమెను చూపించి "మా ఇంట్లో మనిషిలాంటిది" అని చెప్పే రకం వాళ్ళు. మీటింగులో ఆ ఇంటావిడ చెయ్యి అందరికంటే ముందు లేచింది. మర్నాడు వంటింట్లోకి వచ్చి, "మేం ఎంతో చెప్పి చూశాం, వినలేదు" అని అక్క భుజం తట్టింది.

అక్క ఆ రాత్రే తమ్ముడిని పిలిపించింది. మోకాలికి గుడ్డ కట్టుకుని గోడకానుకుని కూర్చుంది.

"నువ్వే బిగిస్తున్నావటగా?"

"నేను కాకపోతే ఇంకొకడు బిగిస్తాడక్కా."

లోకంలో జరిగిన పాడుపనుల్లో సగం ఈ ఒక్క వాక్యం దన్నుతోనే జరిగాయి. వింటే ఒళ్ళు మండుతుంది. అక్కకు మండలేదు, ఆమెకు అంతకంటే పెద్ద బెంగ ఉంది.

"ఈ మోకాలేసుకుని నేను రోజూ ఎనిమిది అంతస్తులు ఎక్కలేనురా. మానేస్తే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? నువ్వు ఒక్కమాట చెప్పు. నీ మాటంటే ఆ సెక్రటరీకి గురి కదా. మా అక్క అని చెప్పు, ఏం పోయింది?"

"చెప్తాలే."

"నిజంగా చెప్తావా?"

"చెప్తానన్నాగా!" అని విసుక్కుని లేచాడు.

చెబుదామనే అనుకున్నాడు. కాని పనిలో దిగాక ఆ పనే ముద్దొచ్చింది. కార్డు పెడితే పచ్చదీపం, పెట్టకపోతే ఎర్రదీపం, పైగా తీయటి ఆడగొంతు: "దయచేసి మీ కార్డు చూపించండి." మంగలి షాపులో ఆ గొంతు సంగతి చెప్పి అందరినీ నోరెళ్ళబెట్టేలా చేశాడు. "చూశారా, ఎంత ముందుకెళ్ళామో!" అన్నాడు. ఎవర్ని బయట నిలబెట్టడానికో ఆ షాపులో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. లోకం భ్రష్టుపట్టిందనే మంగలి కూడా, "ఏమైనా గొప్ప మెషీనే" అని మెచ్చుకున్నాడు.

కార్డు లిఫ్టు మొదలెట్టే రోజు పొద్దున్నే సెక్రటరీ కింద నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మెకానిక్కు లోపల నిలబడి చివరి పరీక్ష చేస్తున్నాడు. కార్డు మెషీను బిగించాక లిఫ్టును ఒక్కో అంతస్తులో ఆపి, తలుపు తెరిచి మూసి చూడటం వాళ్ళ పద్ధతి. అతను బొత్తాం నొక్కబోతుండగా అక్క వచ్చింది. చేతిలో సంచీ, నడకలో కుంటు. తమ్ముడు చెప్పేశాడన్న ధైర్యంతో గడప దాటి నేరుగా లిఫ్టులోకి కాలుపెట్టింది.

"ఏయ్, ఏయ్! ఎక్కడికమ్మా?" అని సెక్రటరీ కసిరాడు. తర్వాత మెకానిక్కు వైపు తిరిగి, "ఈవిడ మీకు తెలుసా?" అన్నాడు.

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. అవుననడానికి ఒక్క తల ఊపు చాలు.  అతని చొక్కా జేబు మీద 'సూపర్‌వైజర్' అన్న బిళ్ళ మెరుస్తోంది.

"తెలియదు సార్" అన్నాడు. అక్కడితో ఆగినా పోయేది. ఆగలేదు. "మెట్లు అటువైపు ఉన్నాయమ్మా" అని చేత్తో చూపించాడు కూడా.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.  గోడ పట్టుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది.

సెక్రటరీ తన ఫోటోలు చూసుకుంటూ వెళ్ళిపోయాక, మెకానిక్కు పైకి బయల్దేరాడు. మొదటి అంతస్తులో ఆపాడు, తలుపు తెరిచాడు, మూశాడు. రెండోదీ అంతే. లిఫ్టు నున్నగా, చప్పుడు లేకుండా పోతోంది.  అతనికి మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. పైకి వెళ్ళాక ఆ ఇంటివాళ్ళతో మాట్లాడతానని, సెక్రటరీకి రేపు చెబుతానని, కంపెనీకి రాస్తానని ఒకదాని మీద ఒకటి ఒట్లు పెట్టుకున్నాడు. ఒట్లకేం, నోరుంటే చాలు.

నాలుగో అంతస్తులో చాలాసేపు ఆగాడు. అక్కడ తలుపు గడియ సరిగ్గా పడటం లేదు. దాన్ని సరిచేసి, తలుపు మూసి, మళ్ళీ తెరిచి చూసేసరికి ఎదురుగా మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు అదుముకుంటూ రొప్పుతోంది. మెడ మీద చెమట కారుతోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అక్కా" అన్నాడు గొంతు తగ్గించి. "ఎవరూ లేరు. తొందరగా ఎక్కు."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే అతను తట్టుకునేవాడు. గుమ్మంలోకి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, కమ్మీ పట్టుకుని మెల్లగా లేచింది.

"మీరు వెళ్ళండి సార్" అంది. "మీ పని పాడవుతుంది."

తలుపు మూసుకుంటుంటే ఆమె తర్వాతి మెట్టు మీద కాలు వేసింది.